మంత్రాంగము - ఆరు టోపీలు
(గ్రంథాలయ సభయందు చదివిన ఉపన్యాసము)



ఒక్కడు ఆలోచించుటకు బుద్ధి చాలును. పదిమంది కూడి ఆలోచించుటకు బుద్ధితోపాటు వరుస కూడ కావలెను. వరుస లేని సభలో పది బుద్ధులు కలిసి ఒక బుద్ధి చేయగల పనిని సైతము చేయజాలవు. గట్టిగా మాటాడినవాని బుద్ధియే పదిమంది బుద్ధియై చెల్లును. నేటి ప్రసంగము ఆ వరుసను గూర్చినది. నలుగురు భాగస్థులు చేరి మిల్లు పెట్టవలెనన్నను, కౌలునకు భూమి తీసికొనవలెనన్నను, రొయ్యల గుంట వేయవలెనన్నను, ఎవరు ఏ మాటను ఎప్పుడు చెప్పవలెను అనునదియే ప్రశ్న. పెట్టుబడి పోయిన తరువాత ఈ ప్రశ్న వేసికొన్నవారు ఈ ప్రాంతమున పెక్కుమంది కలరు. పెట్టక మునుపు వేసికొన్నవారు తక్కువ.

ఇటీవలి కాలమున ఇట్టి వరుసకొక పద్ధతిని చెప్పి ప్రసిద్ధి కెక్కినవాడు ఎడ్వర్డ్ డి బోనో. ఆయన మాల్టా ద్వీపమున 1933లో జన్మించి, వైద్యమును మనశ్శాస్త్రమును చదివి, 2021లో గతించెను. 1985లో ఆయన ప్రకటించిన గ్రంథమునకు పేరు 'సిక్స్ థింకింగ్ హ్యాట్స్', అనగా ఆలోచనకు ఆరు టోపీలు. తెలుగుదేశమున టోపీ పెట్టుట అనగా ఒకరిని మోసగించుట. ఈ టోపీ అట్టిది కాదు. ఇది ఎవరికి వారు పెట్టుకొనునది, కంటికి కానరానిది.

తెల్లటోపీ వేళ తెలిసిన సంగతులను, లెక్కలను, ఇంకను తెలిసికొనవలసిన వానిని మాత్రమే చెప్పవలెను. ఎర్రటోపీ వేళ మనసున తోచినది చెప్పవలెను. కారణము అడుగరాదు, చెప్పనక్కరలేదు. నల్లటోపీ ప్రమాదములకు, లోపములకు. పసుపుటోపీ మేలునకు, లాభమునకు. పచ్చటోపీ కొత్త ఉపాయములకు. నీలిటోపీ సభను నడపుటకు: ఇప్పుడేది వేళ, ఎంతసేపు, ఏది తేలినది, ఏది తేలలేదు అని చూచుటకు. పద్ధతి ఇంతియే, దీనిని వినినవాడు సాయంత్రమునకు ఇంటిలో చెప్పగలడు.

అయినను ఒక్క విషయమున పలువురు పొరబడుచున్నారు. ఆరుగురిని కూర్చుండబెట్టి ఒకనికి తెల్లటోపీ, ఒకనికి నల్లటోపీ అని పంచిపెట్టుటయే ఈ పద్ధతి అని తలచుచున్నారు. డి బోనో చెప్పినది అది కాదు. అందరును ఒకే వేళ ఒకే టోపీని ధరింపవలెను. ఆ వేళ దాటగానే అందరును దానిని తీసి వేరొకటి ధరింపవలెను. టోపీ మనుష్యునిది కాదు, వేళది. పంచుటకును మార్చుటకును గల ఈ భేదము చిన్నదిగా కనబడును. ఇది ఎంత పెద్దదో ప్రాచీనుల మంత్రాలోచన కథలను చూచినచో తెలియును.

పంచతంత్రమున మూడవ తంత్రము కాకోలూకీయము. చిన్నయసూరి నీతిచంద్రిక మిత్రలాభ మిత్రభేదములతో ముగిసినది గాన, ఆ గ్రంథము చదివి పెరిగినవారికి ఈ కథ తక్కిన కథలవలె కంఠస్థము కాదు. కావున కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. మేఘవర్ణుడను కాకరాజు మఱ్ఱిచెట్టుపై కొలువుండెను. అరిమర్దనుడను గుడ్లగూబల రాజు రాత్రులందు వచ్చి కాకులను చంపి పోవుచుండెను. పగలు గుడ్లగూబకు కన్ను కనబడదు, రాత్రి కాకికి కనబడదు. శత్రువు నివాసమేదో కాకులకు తెలియదు. కాకరాజు తన అయిదుగురు మంత్రులను వరుసగా అడిగెను. ఒకడు సంధి యనెను. రెండవవాడు విగ్రహమనెను. మూడవవాడు స్థలము విడిచి పోవుదమనెను. నాల్గవవాడు కోటయందే నిలుతమనెను. అయిదవవాడు బలవంతుని ఆశ్రయింతమనెను. నీతిశాస్త్రము చెప్పిన ఆరు గుణములలో అయిదు ఇట్లు అయిదు నోళ్ల నుండి వచ్చినవి. పిమ్మట రాజు తన తండ్రినాటి వృద్ధమంత్రియగు స్థిరజీవిని అడుగగా, ఆతడు, వీరు చెప్పినవన్నియు శాస్త్రసమ్మతములే, కాని ఇది ద్వైధీభావమునకు కాలము, అనెను.

ఇది టోపీలు పంచిన సభ. ఎవరి ఉపాయమును వారు సమర్థించిరి. కాకరాజు అదృష్టవంతుడు గాన, అన్నిటిని విని అన్నిటికి అతీతముగా నిలిచి చూడగల ముసలివాడొకడు ఆతనికి దొరకెను. అట్టివాడు లేని సభ గతి యేమి? అదియు ఈ కథయందే ఉన్నది. స్థిరజీవి ఈకలు పెరికించుకొని, నెత్తురు పూయించుకొని, చెట్టు క్రింద పడియుండెను. గుడ్లగూబలు ఆతనిని చూచి రాజు వద్దకు తీసికొనిపోయినవి. అరిమర్దనునికిని అయిదుగురు మంత్రులు. రక్తాక్షుడనువాడు, వీనిని ఇప్పుడే చంపవలెననెను. తక్కిన నలుగురును, శరణు వచ్చినవానిని చంపరాదనిరి. రాజు నలుగురి మాట వినెను. రక్తాక్షుడు తన పరివారముతో ఆ గుహను విడిచిపోయెను. స్థిరజీవి గూడు కట్టుకొను నెపమున పుల్ల వెంబడి పుల్ల గుహద్వారమున పేర్చి, ఒకనాటి పగలు నిప్పు పెట్టించెను.

రక్తాక్షుని మాట ఎందుకు చెల్లలేదు? ఆతని యుక్తియందు బలము లేక కాదు. ఆ సభలో భయము ఆతని ఒక్కని సొత్తయ్యెను. ఒక్కడు భయము చెప్పినయెడల అది ఆతని స్వభావమనిపించుకొనును. తక్కిన నలుగురిని గూడ, ఈ కాకిని లోనికి రానిచ్చినచో కలుగగల కీడు ఒక్కొక్కటి చెప్పుడని రాజు అడిగియున్నచో, వారి నోటినుండియే నాలుగు కీడులు వచ్చియుండెడివి. వారు బుద్ధిహీనులు కారు. అడిగినవారు లేకపోయిరి.

శ్రీమద్రామాయణ యుద్ధకాండమున రెండు సభలు ఎదురెదురుగా నిలుచును. హనుమంతుడు లంకను కాల్చి పోయిన పిమ్మట రావణుడు సభ చేసి, మంత్రము మూడు విధములని తానే చెప్పెను. అందరును శాస్త్రదృష్టితో చూచి ఏకాభిప్రాయమునకు వచ్చునది ఉత్తమము. పలు మతములు చెప్పి తుదకు ఒక నిర్ణయమునకు వచ్చునది మధ్యమము. ఎవరి పట్టు వారు విడువనిది అధమము. ఇంత తెలిసినవాని సభలో జరిగినదేమి? ప్రహస్తాదులు ఒకరిని మించి ఒకరు ప్రగల్భములు పలికిరి. ఆ సభ అంతయు పసుపుటోపీ సభ. విభీషణుడొక్కడు నల్లటోపీ ధరించెను. అందుచే తుదకు నగరమునుండి పోవలసివచ్చెను. కుంభకర్ణుడు న్యాయమైన మాట యొకటి అనెను: ఈ విచారణ సీతను తెచ్చుటకు ముందు చేయవలసినది. కాని ఆ మాట అనియు, యుద్ధము తాను చేసెదనని ముగించెను.

సముద్రమున కీవల ఒడ్డున రెండవ సభ. విభీషణుడు శరణు కోరి వచ్చెను. సుగ్రీవుడు అనుమానించెను. రాముడు అందరిని అడిగెను. అంగదుడు పరీక్షింపవలెననెను. శరభుడు చారుని పంపవలెననెను. వచ్చిన చోటును కాలమును అనుమానాస్పదములని జాంబవంతుడనెను. మెల్లగా ప్రశ్నించి చూతమని మైందుడనెను. అప్పుడు హనుమంతుడు లేచి, తన అభిప్రాయమును మాత్రము చెప్పి కూర్చుండలేదు. ముందువారు చెప్పిన ఒక్కొక్క ఉపాయమును తీసికొని, అందు జరుగగలది ఏది, జరుగనిది ఏది అని విచారించెను. ఎదుట నిలిచినవానిపై చారుని పంపుటెట్లు? హఠాత్తుగా ప్రశ్నించినచో బుద్ధిమంతుడు సందేహింపడా? ఈ చోటు, ఈ కాలము రావణుని విడిచి వచ్చువానికి తగినవే కదా? ఇట్లు ఇతరుల మాటలోనికి ప్రవేశించి ఆలోచించుట సభకు ప్రాణము. లంకాసభలో లేనిది ఇదియే.

ఇంక భారతము. తిక్కన సోమయాజి పేరు నెల్లూరు సీమవారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు; కోవూరునకు చేరువనున్న పాటూరుతో ఆయన వంశమునకు సంబంధము కలదని వాడుక. ఆయన కవి మాత్రమే కాడు, మనుమసిద్ధి కొలువున మంత్రాంగము నెరిగినవాడు. ఉద్యోగపర్వమున విరాటుని సభయందు శ్రీకృష్ణుడు జరిగినదంతయు చెప్పి, అవతలివాని మనసు తెలియదు గాన దూతను పంపవలెననుట, బలరాముడు ధర్మరాజు జూదపు తప్పును ఎత్తిచూపుట, సాత్యకి మండిపడుట, ద్రుపదుడు దూతను పంపుచునే రాజులకు కబురు చేయవలెననుట, ఈ సన్నివేశమును ఒక్కసారి సావకాశముగా చదివినవారికి నలుగురు పెద్దలు కూర్చున్న ఊరి రచ్చ కన్నులకు కట్టును. తప్పు ఇరుప్రక్కల ఉన్నదని చెప్పిన బలరామునికి ఆ సభలో కలిగిన ఫలము సాత్యకి కోపము.

అయినను ఈ ప్రసంగమునకు ముఖ్యుడు విదురుడు. కౌరవసభలో ఆపద చెప్పుట జీవితమంతయు ఆతని ఉద్యోగమయ్యెను. దుర్యోధనునకు ఆతని మాట మొదటి అక్షరముననే తెలిసిపోవును; పాండవ పక్షపాతి యని త్రోసివేయును. ధృతరాష్ట్రుడు రాత్రి అంతయు ఆతని నీతిని వినెను, ఒప్పుకొనెను. నీ మాట వినునప్పుడు మనసు పాండవులవైపు వంగును, దుర్యోధనుని చూడగానే మరలిపోవును, అనెను. భీష్మద్రోణులు సైతము హితము చెప్పిరి కాని, దుర్యోధనుని చేత, కర్ణుని చేత, శకుని చేత, ఈ యుద్ధమున మనకు రాగల నష్టమేమి అని ఎవరైన ఒక్క జాము చెప్పించియున్నారా? అట్టి జాము ఆ కొలువున లేదు. ఒకనికి నల్లటోపీ కుట్టి తలకు అతికించిరి. అది అతికిన తల ఎంత గొప్పదైనను, దానినుండి వచ్చు మాట పాతబడిపోవును.

కౌటిల్యుడు ఈ చిక్కును కొంత ఎరిగియుండెను. 1905లో మైసూరున శామశాస్త్రి గారి చేతికి వచ్చి 1909లో అచ్చుపడిన అర్థశాస్త్రమున మంత్రాధికారము చూడుడు. మంత్రులను ఒక్కొక్కరిగా అడుగవలెను, అందరిని కలిపియు అడుగవలెను, వారి మతమునకు హేతువులను గూడ తెలిసికొనవలెను అని యున్నది. ఒక్క మంత్రియైనచో అడ్డులేక పోవును; ఇద్దరైనచో కలిసి రాజును త్రిప్పుదురు, లేక తమలో తాము కలహింతురు; ముగ్గురో నలుగురో మేలు. మంత్రమునకు అయిదు అంగములు చెప్పెను: పని ప్రారంభించు ఉపాయము, మనుష్యులు ద్రవ్యము, దేశకాలముల విభాగము, ఆపదకు ప్రతిక్రియ, కార్యసిద్ధి. ఆపదకు ప్రతిక్రియ అనునది ఒక మంత్రి స్వభావము కాదు, ప్రతి ఆలోచనయందును ఒక అంగము. డి బోనో నల్లటోపీ ఇక్కడ అంగమై నిలిచియున్నది. అట్లని అంతయు పూర్వులే చెప్పిరని గర్వించుట తగదు. అందరును కలిసి ఒక వేళ ఒక అంగముననే నిలువవలెనను నియమము కౌటిల్యునియందు లేదు. అది డి బోనోది.

పడమటి దేశములందును టోపీ పంచుటయే పూర్వాచారము. రోమను కథోలికుల సభలో ఒకరిని పునీతునిగా ప్రకటించుటకు ముందు ఎదురువాదము చేయుటకు ఒక ఉద్యోగి యుండెడివాడు. 1587లో ఐదవ సిక్స్‌టస్ పోపు ఆ పదవిని స్థాపించెను. సైతాను వకీలని లోకులు దానికి పెట్టిన పేరు. 1983లో రెండవ జాన్ పాల్ పోపు ఆ విధానమును మార్చివేసెను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన చార్లన్ నెమెత్ తోటివారితో కలిసి 2001లో ప్రకటించిన పరిశీలనలో, పనిగా ఎదురువాదము నటించువానికంటె నిజముగా అట్లు నమ్మి ఎదురాడువాడు సభకు ఎక్కువ ఆలోచన పుట్టించునని తేలినది. ఇది టోపీల పద్ధతికిని ఒక హెచ్చరిక. నటనగా పెట్టుకొన్న నల్లటోపీ వట్టి వేషము. దాని ప్రయోజనము వేరొకచోట కలదు: నిజముగా భయము కలవాడు నోరు తెరచుటకు అది చోటు ఇచ్చును.

ఈ మాట తెలుగు కుటుంబములకు మిక్కిలి అవసరమైనది. ఈ ప్రాంతమున భాగస్వామ్యమనగా పెక్కుచోట్ల బంధుత్వమే. పెదనాయన పెట్టుబడి పెట్టును, బావ పని చూచుకొనును, అల్లుడు లెక్క వ్రాయును. అట్టి ముంగిట ఎవరు ఏమి మాటాడవలెనో వావివరుసలే నిర్ణయించియుండును. పెదనాయన 'చేద్దాం' అన్న తరువాత తమ్ముని కొడుకు 'వద్దు పెదనాయనా' అనుట కాని పనిని గూర్చిన మాటగా ఎవరును వినరు, ఎదిరించుటగా విందురు. అల్లుడు నోరు విప్పినచో మామగారి సొమ్ముపై కన్ను అందురు. ఇంటి ఇల్లాలు గుమ్మము కడ నిలిచి వినును. కుదువ పెట్టవలసిన నగలు ఆమెవి, మాట మాత్రము ఆమెది కాదు. ఇట్టిచోట, 'ఇప్పుడు పావుగంట అందరును కీడే చెప్పవలెను, పెదనాయనతో మొదలు' అని నియమించినచో, తమ్ముని కొడుకు మాట ధిక్కారము కాదు, విధి యగును. పెదనాయన సైతము తన మనసున దాచుకొన్న భయమును పరువు పోకుండ బయట పెట్టగలడు. పెద్దవారికి భయము లేదనుకొనుట చిన్నవారి భ్రమ.

కోవూరునుండి విడవలూరు మీదుగా సముద్రమువైపు పోవువారికి వరిమళ్లు తగ్గి గుంటలు కనబడుట తెలిసినదే. 1990ల తొలినాళ్లలో టైగరు రొయ్య ధర చూచి ఈ తీరమంతయు త్రవ్వకము సాగినది. మొలగొలుకులు పండిన సీమలో పుట్టి ధాన్యమునకు, అనగా 850 కిలోలకు, వచ్చు సొమ్మును రొయ్యల సొమ్ముతో పోల్చి చూచినవారికి కన్నులు చెదరినవి. 1994, 1995 సంవత్సరములలో తెల్లమచ్చ తెగులు వచ్చినది. రొయ్య పోయినది, అప్పు నిలిచినది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. పంటభూములను రొయ్యల గుంటలుగా మార్చరాదనెను. 2005లో తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టము వచ్చినది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చి గుంటలకు మరల కళ వచ్చినది. ఈ ముప్పదియేండ్ల చరిత్రలో గుంట వేసినవారిలో ఎందరు కూర్చుండి ఆలోచించిరి? ప్రక్కవాడు వేసెను గాన తానును వేసినవారే మెండు. ప్రక్కవాని గుంట వారికి పసుపుటోపీ. నల్లటోపీ తెల్లమచ్చతో వచ్చినది.

ఇప్పుడొక ఉదాహరణము. ఇది కల్పితము. పది కుటుంబములవారు కలిసి ఇరువది ఎకరముల పాత గుంటలను మూడేండ్లు కౌలునకు తీసికొని వనామీ వేయవలెనని తలచిరనుకొనుడు. సభను నడపువాడు, అనగా నీలిటోపీ వాడు, పెట్టుబడిలో పెద్దభాగము కలవాడు కారాదు. ఊరి బడిపంతులో, గ్రంథాలయము చూచుకొనువాడో తగినవాడు. గడియారము ఆతని చేతియందుండవలెను.

ముందు తెల్లటోపీ. దీనికి ఒక పూట పట్టినను పట్టుగాక. ఈ గుంటలకు అథారిటీ వారి నమోదు ఉన్నదా, ఆ కాగితము ఎవరి పేర ఉన్నది? గత మూడు పంటలలో తెగులు వచ్చినదెన్నిసార్లు? నీరు ఏ కాలువది, ఉప్పు ఏ నెలలో ఎంత? పిల్ల ఏ హేచరీది, పరీక్ష చేయింతురా? మేత అరువునకు తెచ్చినచో, పట్టిన రొయ్యను ఆ వ్యాపారికే అమ్మవలెనను షరతు ఉన్నదా? ధర కౌంటును బట్టి యుండును; కిలోకు ముప్పది తూగు రొయ్యకు ఒక ధర, నూరు తూగు రొయ్యకు వేరొక ధర. నాలుగు నెలలకు మునుపే తెగులు భయమున పట్టవలసివచ్చినచో ఏ కౌంటు వచ్చును, ఆ కౌంటునకు ధర యెంత? ఈ వేళ 'చాల', 'కొంచెము', 'అందరును చెప్పుచున్నారు' అను మాటలు చెల్లవు. లెక్క వ్రాయువారికి ఇది తెలిసిన ధర్మమే. రోకడులో 'సుమారు' అను పద్దు ఎక్కదు. తెలియనిది తెలియదని వేరొక పుటలో వ్రాసి, ఎవరు కనుగొని వచ్చెదరో పేరు వ్రాయవలెను. ఆ పుట నిండకముందు రెండవ సభ చేయుట వ్యర్థము. పెక్కు సభలు ఇచ్చటనే చెడును. సంగతులు లేని సభలో ఆరు టోపీలు గాక అరువది టోపీలున్నను అన్నియు గాలి టోపీలే.

పసుపుటోపీ వేళకు పెద్ద వివరణ అక్కరలేదు, ఒక్కటి తప్ప: ఈ పని వద్దనువాడును ఒక మేలు చెప్పి తీరవలెను. తరువాత నల్లటోపీ. ఈ ఆలోచన తెచ్చినవాడే మొదట మాటాడవలెను. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గుననియు, ఆ వేళ కరెంటు పోయి ఏరియేటర్లు ఆగినచో జనరేటరు లేనివాని పంట పోవుననియు అతనికంటె తెలిసినవారెవరు? 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు వద్ద రైలుకట్ట కొట్టుకొనిపోయిన సంగతి ఒకడు గుర్తుచేయును. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరకుపై సుంకమును 50 శాతము చేసినపుడు గుంటగట్టున ఉన్నవానికి నిద్రపట్టని సంగతి వేరొకడు చెప్పును. నెల్లూరు తీరపు రొయ్య ధర ఎక్కడనో సముద్రముల కావల ఒక సంతకముతో తగ్గునని అప్పుడు తెలిసినది. పదిమంది పది కీడులు చెప్పిన పిమ్మట, ఇవి ఎవరి పిరికితనమును కావు; పద్దులోని అంశములు.

పచ్చటోపీ వేళ ఆ పద్దును చేతబట్టుకొని ఉపాయము వెదకవలెను. ఇరువది ఎకరములకు బదులు మొదటి పంట అయిదెకరములు వేయరాదా? మూడేండ్ల కౌలును ఏడాదికి వ్రాసికొని, తరువాత కొనసాగించు హక్కు పెట్టుకొనరాదా? చేయుట, మానుట అని రెండే త్రోవలున్నవనుకొను సభకు ఈ వేళ మూడవ త్రోవను చూపును. స్థిరజీవి చెప్పిన ఆరవ గుణము ఇట్లే పుట్టినది. ఎర్రటోపీ అన్నిటికంటె చిన్నది. ఒక్కొక్కరు ఒక్క ఊపిరిలో తమకు తోచినది చెప్పవలెను. సైనిక న్యాయసభలలో కనిష్ఠుని అభిప్రాయమును మొదట అడుగుట ఆచారము. ఇచ్చటను వయసున చిన్నవారితో మొదలుపెట్టవలెను. పెదనాయనతో మొదలుపెట్టినచో తొమ్మిది ప్రతిధ్వనులు వినబడును.

ఈ పద్ధతియందు ఒక లోపము కలదు, దానిని దాచరాదు. ఆరు టోపీలును సభలో కూర్చున్నవారి తలలకే. సభకు రానివాని తలకు ఏ టోపీయు లేదు. గుంటనుండి ఉప్పు ఊరి మళ్లు చౌడుబారు ప్రక్కరైతు ఆ పదిమందిలో లేడు. ఊరి బావి ఉప్పనైనచో బిందెతో మైలుదూరము నడువవలసిన ఇల్లాలు లేదు. వరి కోతలు పోయినచో పని పోవు కూలి లేడు. ముందు చెప్పిన 1996 తీర్పు ఎట్లు వచ్చినది? గాంధేయుడైన ఎస్. జగన్నాథన్ అను తమిళుడు తీరగ్రామములవారి పక్షమున వ్యాజ్యము వేయగా వచ్చినది. ముంగిటి సభకు పిలువబడనివారు అయిదారేండ్లకు ఢిల్లీ సభకు వచ్చిరన్నమాట. వారు చెప్పిన కీడులు ముంగిట పావుగంటలో వినదగినవే. కావున నల్లటోపీ వేళ ఎగువ చేనివానిని, దిగువ చేనివానిని, ఊరి నీరు మోయు ఇల్లాండ్రలో ఇద్దరిని పిలిచి కూర్చుండబెట్టుట డి బోనో చెప్పకపోయినను చేయవలసిన పని. నగలు కుదువ పెట్టు ఇల్లాలిని గుమ్మము కడనుండి లోనికి రమ్మనుట దానికంటెను ముందు. అట్లు పిలిచినచో పని జరుగదు గదా అని కొందరందురు. కొన్ని పనులు జరుగవు, నిజమే.

చివరకు నిర్ణయము. ఓట్లు లెక్కించి ముగించుట కంటె, నీలిటోపీ వాడు ఒక చిట్టా పుస్తకమున నాలుగు సంగతులు వ్రాసికొనుట మేలు. ఏమి నిశ్చయించిరి, ఏ సంగతులను నమ్మి నిశ్చయించిరి, ఏ కీడులను తెలిసియు పైన వేసికొనిరి, ఎవరు ఒప్పుకొనలేదు. ఒప్పుకొననివాని మాటను ఆతని మాటలలోనే వ్రాయవలెను, పెద్దలు సవరింపరాదు. అందరును సంతకము చేయవలెను, చేవ్రాలు రానివారు వేలిముద్ర వేయవలెను. ఆ పుస్తకము భాగస్థులలో ఎవరి ఇంటను ఉండరాదు. గ్రంథాలయపు బీరువాలో ఉండవచ్చును. మొదటి పట్టుబడి అయి, లారీ పోయి, తూకపు చీటీలు చేతికి వచ్చిన మరునాడు పదిమందియు వచ్చి దానిని తెరచి, వ్రాసినదానిని చీటీలతో సరిచూచుకొని, రెండవ పంట మాట అప్పుడు ఎత్తవలెను.